ఏ ఊరి నొప్పి

బడిగంట కొట్టిన కాసేపటికే రాళ్లపాలెం నుంచి కడుపునొప్పి వచ్చింది.

ఎస్తేరు కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకుంది. భుజాల మీది బూడిదరంగు శాలువా కాస్త వెచ్చబడింది. బొడ్డుకి పైన ఎవరో వేలితో నొక్కి వదులుతున్నట్టుంది. నొప్పి కుడిపక్కకి దిగడం లేదు, వాంతి వచ్చేట్టు లేదు, జ్వరం వేడి లేదు. నొప్పి వెనకాల ఖాళీ ఉంది, ఆ ఖాళీ వెనకాల గుండె దడదడమంటోంది. ఆమె తనలో తను నవ్వుకుని ఫోన్ అందుకుంది.

"సార్, ఆ అబ్బాయి పొద్దున ఏమన్నా తిన్నాడా?"

"అడిగితే తిన్నానంటన్నాడు సిస్టరు" అన్నాడు అవతల రాళ్లపాలెం హెడ్మాస్టరు.

"తినలేదు. ముందు ఏదన్నా పెట్టించండి. ఇంతకీ ఇయ్యాల ఎక్కాలు ఒప్పజెప్పమన్నారా?"

"పదమూడో ఎక్కం."

"రేపు ఒప్పజెప్తాడులే, వదిలెయ్యండి. సగం నొప్పి అదే."

ప్రతి సర్కారు బడికీ ఒక నర్సు ఉండాలని ఎప్పుడో కాగితం మీద రాసుకున్నారు. కాగితం మీది నర్సులు కాగితం మీదే ఉద్యోగం చేసుకుంటున్నారు. ఈ మండలంలోనూ పక్క మండలంలోనూ కలిపి నలభై పైచిలుకు బడులుంటే, నిజంగా కాళ్లూ చేతులూ ఉన్న నర్సు ఎస్తేరు ఒక్కతే. శాలువా రాకముందు ఆమె సంచీ భుజాన వేసుకుని బస్సుల మీద తిరిగేది. అన్ని బడులూ చుట్టి మళ్లీ మొదటి బడికి వచ్చేసరికి, అప్పుడు జ్వరపడ్డ పిల్లలు పై తరగతికి పోయి ఉండేవాళ్లు. ఈలోపు ఎవరికి ఏ నొప్పి వచ్చినా వరండాలో బెంచీ మీద పడుకోబెట్టి నుదుటికి బామ్ రాసేవాళ్లు. కడుపునొప్పికి కూడా నుదుటికే రాసేవాళ్లు. పడమటి ప్రకాశం జిల్లాలో ఆ బెంచీ ఎక్కకుండా పెరిగిన పిల్లలు తక్కువ.

శాలువా తెచ్చింది షంషాద్. ఆమె విశాఖలో ఒక ప్రయోగశాలలో పనిచేసే శాస్త్రవేత్త. నెమ్మదిగా మాట్లాడే మనిషి, టీలో బిస్కెట్టు ముంచి అది కరిగిపోయేదాకా మరిచిపోయే మనిషి. వెంట్రుక కన్నా సన్నటి తీగలు నూలులో కలిపి చీరాల మగ్గాల మీద దుప్పట్లు నేయించింది. బడికొక దుప్పటి, ఒక మడతమంచం ఇచ్చారు. ఎస్తేరుకి మండల కేంద్రంలో ఒక పాత కార్యాలయం మేడమీద గదీ, ఒక కుర్చీ, అవే తీగలతో నేసిన ఒక శాలువా ఇచ్చారు. బడిలో దుప్పటి కప్పుకున్న పిల్లల నొప్పిలో పావువంతు ఆ శాలువాలోకి వచ్చేది, ఏ బడో టీచర్లు ఫోన్ చేసి చెప్పేవాళ్లు.

మొదటిసారి శాలువా కప్పిన రోజు షంషాద్ పక్కగదిలో దుప్పటి కప్పుకుని పడుకుని తన చెయ్యి తనే గిల్లుకుంది.

"ఎడమ చెయ్యి, మోచేతికి కింద" అంది ఎస్తేరు ఇవతలి గదిలోంచి. కాసేపాగి, "మేడం, కుడి మోకాలు ఎప్పట్నుంచి?" అని అడిగింది.

షంషాద్ లేచి వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆ మోకాలి సంగతి ఆమె ఇంట్లో కూడా ఎవరికీ చెప్పలేదట.

"యంత్రానికి నొప్పి అందుతుంది సిస్టర్, అర్థం కాదు. అందుకే మీరు కావాలి" అంది. తర్వాత ఎదురుగా కూర్చుని, బడికి కొత్తగా వచ్చిన పిల్లకి చెప్పినట్టు చెప్పింది. "ఒక్కటి గుర్తుంచుకోండి. అక్కడ పిల్లలు దుప్పటి తీసేసినా ఇక్కడ మీ ఒంట్లో కొంచెం నొప్పి మిగిలిపోతుంది. ఒకటి రెండు రోజుల్లో పోతుంది. అందుకని రోజూ శాలువా కప్పుకునే ముందు తల నుంచి కాళ్లదాకా మీ ఒంటిని తడిమి చూసుకోండి. ఇది నాది, ఇది నాది కాదు అని. ఊరెళ్లే ముందు ఇల్లు చూసుకుంటామే, అలాగ. ఏది మీదో మీకు తెలియని రోజు వస్తే శాలువా తీసేసి నాకు ఫోన్ చెయ్యండి."

"తీసేస్తే పిలకాయల్ని ఎవరు చూస్తారు మేడం?"

షంషాద్ టీలో బిస్కెట్టు ముంచింది. టీలోకి చూస్తూ కూర్చుంది.

మొదట్లో ఎస్తేరు శ్రద్ధగా ఇల్లు చూసుకునేది. నుదురు, దవడలు, మెడ, రొమ్ము, కడుపు, మోకాళ్లు అన్నీ వరసగా తాకి, అంతా ఖాళీగా ఉందనుకున్నాకే శాలువా కప్పుకునేది. ఆ రోజుల్లోనే ఒక బడిలో ఆరో తరగతి పిల్లకి పేగు వాచిందని నిమిషాల్లో కనిపెట్టి, బండి పంపించి ఆపరేషన్ చేయించింది. ఇంకో బడిలో అందరూ దొంగవేషమనుకున్న పిల్లాడి చెవిలో చీముందని చెప్పింది. టీచర్ల మాట మారింది. తల్లిదండ్రులు ఆ దుప్పటిని నర్సమ్మ దుప్పటి అనడం మొదలుపెట్టారు. కొన్ని ఊళ్లలో దాన్ని మడతపెట్టేటప్పుడు కళ్లకద్దుకునేవాళ్లు కూడా.

వీటన్నిటికన్నా వింతైన సంగతి మధ్యాహ్నాలు జరిగేది. భోజనాలయ్యాక, నొప్పి తగ్గిన పిల్లలు దుప్పటి కిందే నిద్రపోయేవాళ్లు. వాళ్ల నిద్ర కూడా శాలువాలోకి వచ్చేది. ఇది షంషాద్ అనుకున్నది కాదు, ఎస్తేరు ఆమెకి చెప్పిందీ కాదు. కిటికీ బయట ఎండ తెల్లగా కాస్తూ ఉండేది, బెల్లం టీ గ్లాసు చేతిలో చల్లారుతూ ఉండేది, ఎస్తేరు కళ్లు తెరిచే ఉండేవి. కానీ ఆమె మీద ఎవరెవరి కలలో వాలేవి. ఒక కలలో ఆకాశం నుంచి పలకలు వానలా కురిసేవి, నేలకి తగిలినా ఒక్కటీ పగిలేది కాదు. అది పలకల గనుల దగ్గరి బడి. ఒక కలలో బోరింగు కొడితే పాలు వచ్చేవి, ఆ పాలు తాగిన పిల్లల పళ్లు తెల్లబడేవి. అది ఫ్లోరైడు నీళ్లతో పళ్లకి గార పట్టిన ఊరు. ఒక కలలో మేక కుర్చీలో కూర్చుని హాజరు పిలిచేది, పిల్లలందరూ బుద్ధిగా పలికేవాళ్లు. ఆ మేక ఎవరి కలలోదో ఎస్తేరు చివరిదాకా కనుక్కోలేకపోయింది.

నల్లగుంట నుంచి మాత్రం రోజూ ఒకే వేళకి ఒకే పిల్ల వచ్చేది. ఆ పిల్ల పేరు వెంగమాంబ, బడిలో అందరికీ వెంగీ. అమ్మానాన్న బెంగుళూరులో కట్టుబడి పనులకి పోతే నాయనమ్మ దగ్గర ఉంటోంది.

"కడుపునొప్పి అంటంది సిస్టరు, నాకైతే నమ్మకం లేదు" అంది అక్కడి టీచరు భాగ్యమ్మ మొదటిసారి ఫోన్లో.

శాలువాలో ఏ నొప్పీ లేదు. ఎండలో నడిచొచ్చిన అరికాళ్ల మంట, దుప్పటి అంచు బుగ్గకి తగులుతున్న మెత్తదనం, ఎవరో పక్కన ఉంటే బావుండునన్న ఒక బరువు. అంతే. ఎస్తేరు తన ఉద్యోగంలో మొదటి అబద్ధం ఆడింది.

"ఉంది టీచరమ్మా. కాసేపు పడుకోనీండి."

అప్పట్నుంచి అది రోజూ మామూలైంది. ఆ పిల్ల మధ్యాహ్నం దుప్పట్లో దూరి, "ఉన్నారా నర్సమ్మ గారూ" అని గొణిగేది. మాట శాలువాకి అందదు. గొంతులో కదలిక మాత్రం అందేది. ఎస్తేరు ఇక్కడ శాలువాని దగ్గరకి లాక్కునేది. తనకి పిల్లల్లేరు. ఆ అరగంటలో అది కూడా గుర్తొచ్చేది కాదు.

సాయంత్రం ఇంటికి వస్తే మొగుడు యోహాను గుమ్మంలోనే అడిగేవాడు. "ఇయ్యాల ఏ ఊరు?"

యోహానుకి టెంట్‌హౌస్ ఉంది. షామియానాలు, కుర్చీలు, వంటగిన్నెలు అద్దెకిస్తాడు. పెళ్లికీ చావుకీ ఒకే మొహం పెట్టుకుని పోవడం అలవాటైనవాడు, ఇంట్లో మాత్రం హాస్యగాడు.

"రాళ్లపాలెం తల, గంగవరం పన్ను" అనేది ఎస్తేరు చెప్పులు విడుస్తూ.

"గంగవరానికి ఉప్పునీళ్లు కాయనా?"

"కాయి. రాళ్లపాలేనికి టీ పెట్టు."

పోనుపోను అది వాళ్లింటి భాషైపోయింది. నొప్పులకి పేర్లు పోయి ఊళ్లు మిగిలాయి. ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి వంకాయలు తరుగుతూ ఎస్తేరు ఉలిక్కిపడింది. వేలు చురుక్కుమంది. "ఇది ఏ ఊరిదబ్బా, ఇయ్యాల బడులు లేవే" అంటూ కళ్లు మూసుకుని వెతుక్కుంటోంది. యోహాను వచ్చి చూసేసరికి కత్తిపీట మీద నెత్తురు. ఆ రోజు అతను నవ్వలేదు.

"రేపొకరోజు సెలవు పెట్టమ్మే" అన్నాడు వేలికి గుడ్డ చుడుతూ.

"నేను సెలవు పెడితే నలభై బడులూ మళ్లా బెంచీ ఎక్కుతాయి."

"నీ ఒళ్లు నీకు తెలీటల్లేదు. ఇది అంతకంటే పెద్ద సంగతి కాదా?"

ఎస్తేరు మాట మార్చింది. ఇల్లు చూసుకోవడం మానేసి అప్పటికి చాలాకాలమైందని మొగుడికి చెప్పలేదు. వానలు మొదలయ్యాక జ్వరాలు ఎక్కువై, ఆమె మెట్లెక్కేసరికే ఫోన్ మోగుతూ ఉండేది. తడుముకుంటూ కూర్చుంటే అక్కడ ఎవరో వణుకుతూ పడుకుని ఉంటారు. రేపు చూసుకుందాంలే అని శాలువా కప్పేసుకునేది. షంషాద్ వారం వారం ఫోన్ చేసి, "ఇల్లు చూసుకుంటున్నారా?" అని అడిగేది. "చూసుకుంటన్నా మేడం" అనేది. ఇది రెండో అబద్ధం. మొదటిదాని కన్నా తేలిగ్గా వచ్చింది.

అప్పుడే వీపులో రెండు రెక్కల మధ్య ఒక బరువు మొదలైంది. మెట్లెక్కితే వచ్చేది, కూర్చుంటే పోయేది. పలకల గనుల ఊళ్లో పిల్లలు సెలవురోజుల్లో రాయి మోస్తారని ఆమెకి తెలుసు. పాపం ఎంత బరువు మోస్తే ఇంత మిగిలిపోయిందో అనుకుంది. ఆ బడి హెడ్మాస్టరుకి ఫోన్ చేసి గట్టిగా మాట్లాడింది కూడా. అతను పిల్లల ఇళ్లకి పోయి బతిమాలి, రాయి మోయించడం మాన్పించాడు. అయినా బరువు పోలేదు. ఇంకెవరో మోస్తున్నారనుకుంది.

ఆ రోజు పొద్దున్నుంచీ ముసురు పట్టింది. మేడమెట్లు ఎక్కి వచ్చి కూర్చున్నా బరువు దిగలేదు. మధ్యాహ్నానికి అది ముందుకి వచ్చి రొమ్ము మీద కూర్చుంది. ఎడమ దవడ లాగింది. చెయ్యి మొద్దుబారింది. వానగాలికి కిటికీ రెక్క కొట్టుకుంటున్నా ఆమెకి చెమటలు పోశాయి.

ఎస్తేరుకి భయం వేసింది. తన కోసం కాదు. ఎక్కడో ఒక బిడ్డ గుండె ఆగిపోబోతోందని. శాలువాలో పావువంతే వస్తుంది. పావువంతే ఇంతుంటే ఆ పసిదానికి ఎంతుందో అనుకుంది. టీచర్లందరి ఫోన్ గుంపులో మాట రికార్డు చేసి పెట్టింది. "రొమ్ములో నొప్పి వచ్చిన పిలకాయ ఎవరో మీలో ఎవరి బడిలోనో ఉన్నారు. దుప్పటి మీద ఎవరున్నా వెంటనే చూడండి. పెదాలు నీలంగా ఉన్నాయేమో చూడండి. ఉంటే ఆంబులెన్సుని పిలవండి, నా కోసం ఆగొద్దు."

క్షణాల్లో అన్ని బడుల్లోనూ చదువు ఆగింది. టీచర్లు వరసగా నిలబెట్టి ప్రతి పిల్లనీ అడిగారు. జవాబులు ఒకటొకటే వచ్చాయి. మా దగ్గర లేదు సిస్టరు. మా దగ్గర కూడా లేదు. గంగవరంలో ఒకడు నాదేనని చెయ్యెత్తాడు, లెక్కల పరీక్ష తప్పించుకోవచ్చని. ఇంకో బడిలో అక్కాచెల్లెళ్లు ఇద్దరూ నాదంటే నాదని పోట్లాడుకున్నారు. రాళ్లపాలెం హెడ్మాస్టరు గొంతు తగ్గించి, "సిస్టరు, నాకే కొంచెం పట్టేసినట్టుంది నిన్నట్నుంచి, నాది గానీ వచ్చిందా?" అన్నాడు. ఆయన దుప్పటి కప్పుకోలేదు కాబట్టి రాదని చెప్పింది. చెప్పడానికి ఊపిరి సరిపోలేదు.

శాలువా తీసి కుర్చీకి వేసింది. నొప్పి పోలేదు. అదేమీ ఆశ్చర్యం కాదు. తీసినా మిగలడం ఈ నొప్పులకి అలవాటేగా.

చివరికి నల్లగుంట నుంచి భాగ్యమ్మ పలికింది. "మా పిలకాయలంతా బాగానే ఉన్నారమ్మా. వెంగీ ఎప్పటిలాగే పడుకోనుంది."

"దానికివ్వండి ఫోను."

కాస్త గలగల, తర్వాత నిద్రగొంతు. "నర్సమ్మ గారూ."

వాళ్లిద్దరూ మాటల్లో మాట్లాడుకోవడం అదే మొదటిసారి. "వెంగీ, నీకు రొమ్ములో నొప్పి ఉందా తల్లీ? నిజం చెప్పు, ఎవరూ తిట్టరు."

"నాది కాదు."

"మరి ఎవరిదమ్మా? అన్ని ఊళ్లూ అడిగా. ఎవరిదీ కాదంటన్నారు."

అవతల ఆవులింత వినిపించింది.

"అయితే మీదేగా" అంది వెంగీ. "మీకు నొప్పి రాదా?"

ఎస్తేరు ఫోన్ ఒళ్లో పెట్టుకుంది. ఎన్నో నెలల తర్వాత కుడిచెయ్యి ఎత్తి నుదురు తాకింది, ఖాళీ. దవడ తాకింది. మెడ తాకింది. రొమ్ము మీద అరచెయ్యి ఆనించి ఉంచింది. తాళం వేసి వదిలేసిన సొంతింటికి చాలాకాలానికి తిరిగొచ్చినట్టుంది, లోపల దీపం వెలుగుతూ ఉంది, ఎవరో మూలుగుతూ ఉన్నారు. వెళ్లి చూస్తే అది తనే.

యోహాను నంబరు నొక్కింది. "రొమ్ములో నొప్పయ్యా" అంది.

"ఏ ఊరిదే?"

"నాదే."

యోహాను ఆ రోజు ఎక్కడో పెళ్లికి కుర్చీలు తీసుకుపోతున్నాడు. బండి ఉన్న చోటే ఆపి కుర్చీలన్నీ వానలో రోడ్డు మీద దించేశాడు. వచ్చి ఆమెని రెండు చేతులతో ఎత్తుకుని మెట్లు దిగి, బండిలో షామియానా గుడ్డ పరిచి పడుకోబెట్టాడు, పైన ఇంకో గుడ్డ కప్పాడు. ఒంగోలు దాకా ఆమె ఆ ఎరుపూ నీలం ముక్కల కింద తేలుతూ పోయింది. కలలన్నీ తోడు వచ్చాయి. పలకలు రాలాయి, ఒక్కటీ తగల్లేదు. బోరింగు కొడుతున్న చప్పుడు తన గుండెదో వాన చినుకులదో తెలియలేదు. మేక హాజరు పిలిచింది, రాళ్లపాలెం, గంగవరం, నల్లగుంట. అన్నీ పలికాయి. చివర్లో ఎస్తేరూ అని పిలిచింది. పలకాలని ఆమె చాలాసేపు ప్రయత్నించింది. పలికిందో లేదో గుర్తులేదు గానీ, కళ్లు తెరిచేసరికి తెల్లటి గదిలో ఉంది. యోహాను తడిచొక్కాతో పక్కన కూర్చుని ఉన్నాడు.

ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదన్నారు డాక్టర్లు. గుండెలో కొంత భాగం చచ్చిపోయింది, మిగిలినదాన్ని జాగ్రత్తగా వాడుకోమన్నారు.

ఇంటికి వచ్చాక షంషాద్ చూడ్డానికి వచ్చింది. పడక పక్కన కూర్చుంది. ఆమె కళ్లు వాచి ఉన్నాయి.

"తప్పు నాది మేడం. ఇల్లు చూసుకోలేదు. చూసుకుంటన్నానని అబద్ధం చెప్పా."

"ఒక మనిషికి నలభై బడులు కట్టింది నేను. మీరు అబద్ధం చెప్పకపోయినా ఏదో ఒకటి తెగేదే." షంషాద్ మేడమీద గది నుంచి తెచ్చిన శాలువా సంచీలోంచి తీసి మెల్లగా మడతపెట్టింది. "పైవాళ్లు పిలిచారు. ఇంత బాగా పనిచేసింది కదా, ఒక్కో శాలువాకి ఎనభై బడులు కడితే జిల్లా అంతటికీ పది మంది చాలు కదా అన్నారు. ఒక శాలువాకి రెండు బడులకి మించి కట్టకూడదని చెప్పాను."

"ఏమన్నారు?"

"రెండు బడులకో నర్సుని వెయ్యగలిగితే ఇక నీ శాలువా ఎందుకమ్మా అన్నారు."

"మీరేమన్నారు?"

"నేను చెప్పేదీ అదేనండీ అన్నాను."

ఎస్తేరుకి నవ్వొచ్చింది. నవ్వితే రొమ్ము నొప్పెట్టింది. షంషాద్ కూడా నవ్వుతూ కళ్లు తుడుచుకుంది. వంటింట్లోంచి యోహాను, "ఆమెని నవ్వించమాకండి మేడం" అని కేకేశాడు.

ఆ ఫైలు పైకి పోయింది. ఇప్పటికీ పైనే ఉంది. శాలువా విశాఖలో ఒక పెట్టెలో ఉంది. ఎస్తేరుకి తేలిక పని ఇవ్వమని డాక్టర్లు రాసిస్తే, తనే కోరుకుని రాళ్లపాలెం, నల్లగుంట బడులు రెండూ తీసుకుంది. మిగతా బడుల నుంచి ఫోన్లు మాత్రం ఆగలేదు. "సిస్టరు, కడుపునొప్పి అంటన్నాడు, ఎట్టాంటిదో చెప్పండి" అంటారు. "నాకిప్పుడు తెలీదు సార్. పక్కన కూర్చుని వాణ్ణే అడగండి. నుదుటికి బామ్ మాత్రం రాయొద్దు" అంటుంది. ఫోన్ పెట్టేశాక ఆమెకి దుఃఖం వస్తుంది. ఎక్కడో ఒక వరండాలో బెంచీ మీద ఎవరో పడుకుని ఉన్నారు, ఆ నొప్పి ఎవరికీ అందడం లేదు.

నల్లగుంట బడికి మొదటిసారి వెళ్లిన రోజు పిల్లలంతా చుట్టూ మూగారు. ఆ ఊరి అరికాళ్ల మంట ఆమెకి తెలుసు, మోకాలి దెబ్బలు తెలుసు, నిద్ర తెలుసు. మొహాలు మాత్రం ఒక్కటీ తెలియవు. వెంగీ ఎవరో పోల్చుకోలేక సిగ్గుపడింది. భోజనాలయ్యాక, బియ్యం బస్తాల గదిలో మడతమంచం మీద మందుల సంచీ సర్దుకుంటుంటే, ఒంటిజడ పిల్ల ఒకతె వచ్చి గుమ్మాన్ని ఆనుకుని నిలబడింది. గాలి లోపలికి పీల్చి చూసింది.

"అదే వాసన" అంది.

"ఏం వాసనమ్మా?"

"బెల్లం టీ. రోజూ దుప్పట్లో వచ్చేది."

ఎస్తేరు చేతిలో సంచీ పక్కన పెట్టింది. దారి ఒకవైపే ఉంటుందని, ఇటు నుంచి అటు ఏదీ పోదని షంషాద్ చాలాసార్లు చెప్పింది. "ఇంకా ఏమొచ్చేది వెంగీ?"

"కుర్చీ కిర్రుమనేది. మీరు నవ్వుకుంటే వెచ్చగా ఉండేది. ఆ రోజుకి ముందు చానా రోజులు ఈడ బరువుగా ఉండేది." చెయ్యి వెనక్కి తిప్పి, అందకపోతే ఒళ్లు వంచి, రెండు రెక్కల మధ్య చూపించింది.

ఎస్తేరు గుమ్మం దగ్గరికి వచ్చింది. "బరువుగా ఉంటే టీచరమ్మకి చెప్పొద్దా?"

"చెప్తే దుప్పటి తీసేస్తారుగా." పిల్ల నేల వైపు చూసింది. "నాది కాదని తెలుసు. మీరొక్కరే మోస్తన్నారని, కొంచెం నేను పట్టుకున్నా."

ఎస్తేరు ఆ పిల్లని దగ్గరికి లాక్కుని వీపు నిమిరింది. అదే చోట, రెండు రెక్కల మధ్య, ఎముకలు సన్నగా తగిలాయి. ఆమె ఏడుపు ఆపుకోలేదు, ఆపుకోవాలనీ అనుకోలేదు. చాలాసేపటికి తేరుకుని, పిల్లని మంచం మీద కూర్చోబెట్టి నుదురు చూసింది, నాడి చూసింది, వీపుకి చెవి ఆనించి ఊపిరి విన్నది. అన్నీ బాగానే ఉన్నాయి.

"ఇప్పుడు బరువుందా?"

"లేదు. ఇప్పుడు అందులోంచి ఏమీ రావట్లా. ఉత్త దుప్పటి."

"ఉత్త దుప్పటే మంచిది."

వెంగీ ఆమె మొహంలోకి చూసింది. ఇప్పుడు అడిగితే తప్ప తెలియదని ఆ పిల్లకీ అర్థమైనట్టుంది.

"నర్సమ్మ గారూ, మీకు నొప్పిగా ఉందా?"

పొద్దున్నే బస్సు దిగి ఆ ఎండలో నడిచి వచ్చింది. ఎస్తేరు చెయ్యి రొమ్ము మీద పెట్టుకుని, తొందరపడకుండా లోపలికి చూసుకుంది.

"ఉంది. కొంచెం."

"ఏ ఊరిది?"

"ఏ ఊరిదీ కాదమ్మా. నాదే."

వెంగీ మంచం మీద గోడవైపుకి జరిగి చోటిచ్చింది. "అయితే పడుకోండి. టీచరమ్మ వస్తే నేను చెప్తా" అంది. ఎస్తేరు చెప్పులు విడిచి ఆ ఇరుకు చోట్లో ఒత్తిగిలి పడుకుంది. పిల్ల దుప్పటి అంచు లాగి, ఆమె మెడదాకా కప్పింది.